కొసరు లేని కొల్లేరు

మా వంశంలో తప్పుడు బేరాలు చేసినవాళ్లకు కొదవ లేదు. మా తాతగారు తుఫాను ముందు రోజు ఉప్పు కొని ఆరుబయట పోయించారు. మా పెదనాన్నగారు ఒంటికన్ను గుర్రాన్ని, ఉన్న కన్ను చాలా మంచిదన్న మాట మీద కొన్నారు. వీరందరినీ తలదన్నిన బేరం నాది. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి నేనేమీ వెనుకాడను. ఏలూరులో ఫొటోలు తీసే పెద్దమనుషుల సంఘం ఒకటుంది. అక్కడికి ఏ బొమ్మ పట్టుకెళ్లినా 'అద్భుతం' అంటారు. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, వేడి పకోడీలు పెడతారు. సభ్యుడిగా చేరమని నన్ను ఆదరంగా పిలిచారు కూడా. నేను దాన్ని కాలదన్ని, తాడేపల్లిగూడెం నుంచి ఆదివారం ఆదివారం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, ఖాదరు సాహెబు స్టూడియో మేడమీద, రేకుల కప్పు కింద, చాప మీద కూర్చుని తిట్లు తిన్నాను. పకోడీ వదిలి తిట్టు కొనుక్కున్న వర్తకుడు ఈ జిల్లాలో మరొకడుంటే ముందుకు రావచ్చు.

ఆ తిట్లు పెట్టిన దేవసహాయం మాస్టారు మొన్న గురువారం ఉదయం ప్రభువు సన్నిధి చేరారు. ఏలూరు నుంచి వచ్చిన పాసింజరు గార్డు ఆ మాట మా బెల్లం కొట్టు గుమ్మంలో నిలబడి చెప్పేసి వెళ్లిపోయాడు. అప్పటికి నేను పెదవేగి రైతు ఒకాయనతో బేరంలో ఉన్నాను. ఆయన ధర చెప్పారు. నేను అలవాటు చొప్పున నవ్వి, "ఇది బెల్లం ధరా, బండితో కలిపి ధరా అండీ?" అని అడిగాను. అంతలో ఈ వార్త. విని, రైతు చెప్పిన ధరకే "సరేనండి" అన్నాను. ఆయన హడలిపోయారు. ఆ బెల్లంలో తనకు తెలియని విశేషమేదో నాకు తెలిసిపోయిందనుకుని, దింపిన దిమ్మలు మళ్లీ బండికెక్కించబోయారు. మా వీధిలో దుఃఖానికి ఇంతకంటె పెద్ద కొలత లేదు.

ఈ వ్యాసాన్ని 'కళాకాశంలో ఒక జ్యోతి అస్తమించింది' అని మొదలుపెట్టాలనుకున్నాను. ఆ వాక్యం ఆయన కంట పడితే ఏమనేవారో తెలిసినవాణ్ణి గనక కొట్టేశాను. "ఆకాశం ఎందుకు వచ్చిందండీ ఇందులోకి? మీరు పిలిచారా?" అనేవారు. ఈ మాట ఆయన మా బొమ్మల గురించి లెక్కలేనన్ని సార్లు అన్నారు. సగం బొమ్మకు పైగా తెల్లటి వట్టి ఆకాశం పట్టించి, కింద సన్నగా కొల్లేరును జరీ అంచులాగా మిగిల్చేవాళ్లం. పిలవని పేరంటంలా వచ్చిన ఆ ఆకాశాన్ని ఆయన మర్యాదగా బయటికి సాగనంపేవారు.

మర్యాద అన్నాను. ఆయన్ని ఎరగనివారికి ఆ మర్యాద సంగతి చెప్పాలి. మాస్టారు మిషను హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. పంచె మీద పొడుగు కోటు, చంకలో నల్ల గొడుగు, పల్చటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా విన్నవారు లేరు. 'ఒరే' అని తిడితే మనిషికి కోపం వస్తుంది, ఆ కోపంలో కాస్త ఊరట ఉంటుంది. 'అండీ' అని తిడితే తిరగబడే దారి కూడా ఉండదు. పరమ తిరస్కారాన్ని పరమ వినయంతో వడ్డించడంలో ఆ మహానుభావుడికి సాటి లేదు. తిట్టు తిన్నవాడు మెట్లు దిగి, వీధి మలుపు తిరిగి, సోడా తాగిన తరువాత గాని తాను తిట్టు తిన్నానని తెలుసుకునేవాడు కాదు.

మేడమీద ఆయన పెట్టిన పద్ధతి ఇది. చర్చి అయ్యాక మధ్యాహ్నం అందరం చేరతాం. గది అడ్డంగా కట్టిన తీగకు ఎవరి బొమ్మ వారు తగిలించాలి. బొమ్మ తీసినవాడు నోరు మూసుకోవాలి. 'అప్పుడు గాలి వీచిందండీ', 'ఎండ తగ్గిపోయిందండీ' అనే కథలు పనికిరావు. మిగిలినవారందరూ ఒక్కొక్కరే మాట్లాడాక, చివర మాస్టారు మాట్లాడాక, అప్పుడు గాని వాడికి నోరు రాకూడదు. 'బాగుంది' అన్న మాట ఆ గదిలో నిషిద్ధం. "బాగుందంటే ఏం తెలిసిందండీ? భోజనం బాగుందంటే వంటమనిషి రేపు ఏం మారుస్తాడు?" అనేవారు. అంతకంటె కఠినమైన నియమం మరొకటి. తప్పు చెప్పినవాడు దారి కూడా చెప్పి తీరాలి. దారి తెలియకపోతే తప్పు కనిపించినా మింగి కూర్చోవాలి. ఈ నియమం వల్ల మాలో చాలామంది ఏళ్ల తరబడి మహా మౌనులుగా పేరు పొందారు.

ఇక ఆయన ఆయుధాలు రెండు అట్టముక్కలు. చొక్కాల పెట్టె అట్టను గుమ్మం మూలలాగా కత్తిరించి చేసుకున్నవి. రెండిటినీ బొమ్మ మీద ఎదురెదురుగా పెడితే మధ్యలో ఒక కిటికీ ఏర్పడుతుంది. ఆ కిటికీని నాలుగు వైపుల నుంచీ మెల్లమెల్లగా లోపలికి జరుపుకుంటూ వచ్చేవారు. ఎక్కడ ఆగితే అది బొమ్మ. మిగిలింది చెత్త. పెన్సిలుతో గీత గీసి, కత్తెర మన చేతికే ఇచ్చేవారు. "బొమ్మ పడ్డ గాజు పలక మీ ఇంట్లో భద్రంగానే ఉందిగా. కాగితానికి ఏడవకండి" అనేవారు.

ఒకప్పుడు ఇప్పటి సంఘాధ్యక్షులైన ప్లీడరుగారు కూడా ఆ చాప మీద కూర్చున్నారు, ఒక్క ఆదివారం. కొల్లేటిలో సూర్యాస్తమయం బొమ్మ తెచ్చారు. దానికి రంగులు వేయించి, చట్రం కట్టించి మరీ తెచ్చారు. చట్రం బరువుకి తీగ వంగింది.

"సూర్యుణ్ణి నట్టనడుమ కూర్చోబెట్టారండీ, జడ్జీగారిలాగా," అన్నారు మాస్టారు. "అటు రెండు తాడిచెట్లు, ఇటు రెండు తాడిచెట్లు, వాదీ ప్రతివాదీ. ఇక ఈ బొమ్మలో కదలడానికి ఎవరికీ ధైర్యం చాలదండీ."

"అయితే సూర్యుణ్ణి ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు ప్లీడరుగారు, నియమం సంగతి మరిచిపోయి.

"కాస్త పక్కకండీ. ఆకాశం తగ్గించి నీళ్లు ఎక్కువ ఇవ్వండి. అప్పుడు వెలుగు నీళ్ల మీద నడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్తుంది, చూసేవాడి కన్నూ దాంతోపాటే వెళ్తుంది. ఇప్పుడు నడవక్కర్లేదండీ, తలుపు తీయగానే ఎదురుగా ఉన్నారు."

ఆ నాలుగు మాటల కోసం నేను రైలు కింద తల పెట్టేవాణ్ణి. ప్లీడరుగారికి మాత్రం జడ్జీ అన్న ఒక్క ముక్కే వినబడింది. చట్రం చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి సొంతంగా సంఘం స్థాపించారు. ఆ విద్వత్సభ జన్మరహస్యం ఇదీ. సూర్యుడు నేటికీ అక్కడ నట్టనడుమే ఉదయిస్తున్నాడు, నట్టనడుమే అస్తమిస్తున్నాడు, అద్భుతం అనిపించుకుంటున్నాడు.

నా సంగతి చెప్పకపోతే ప్లీడరుగారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. నేను తెచ్చిన మొదటి బొమ్మ అంతకంటె ఘోరం. వర్తకుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? గాజు ప్లేటులో ఒక పడవ పట్టినా ఇరవై పడవలు పట్టినా ప్లేటు ధర ఒక్కటే. అలాంటప్పుడు ఒక్క పడవ పట్టించేవాడు వెర్రివాడని నా సిద్ధాంతం. బెల్లం కొంటే ఒక ముక్క, కూర కొంటే రెండు పచ్చిమిరపకాయలు, కొసరు అడగకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు. ప్రకృతి దగ్గరా కొసరే అడిగాను. గూడబాతులు, తాటి దోనెలు, వలలు ఆరేసిన గుంజలు, లంక మీది గుడిసెలు, ఒడ్డున ఎడ్లబండి, అన్నీ పట్టించాను. వీటన్నిటికీ సాక్షిగా, గుండుగొలను నుంచి ముక్కాలి స్టాండు మోసుకొచ్చిన మా బావమరిది సుబ్బారాయుణ్ణి చేతులు కట్టించి ముందు నిలబెట్టాను. మోసినందుకు కూలి అడగకుండా ఉంటాడని.

మాస్టారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు.

"ఏవండీ శెట్టిగారూ, మీ కొట్టు గుమ్మంలో ఏం పెడతారండీ?"

నాకు నోరు తెరవడానికి అనుమతి ఉందో లేదో తెలియక ఖాదరు సాహెబు వైపు చూశాను. చెప్పమన్నట్టు తల ఊపారు.

"బెల్లం దిమ్మ అండీ."

"ఉన్నవన్నీనా?"

"లేదండీ. మంచి రంగున్నది ఒక్కటి."

"మిగిలినవి?"

"లోపలండీ. కావాలన్నవాడు లోపలికొచ్చి చూస్తాడు."

"మరి కొల్లేటి దగ్గరికి వెళ్లేసరికి మొత్తం సరుకంతా గుమ్మంలోనే పోశారేంటండీ? ఇంక లోపలికి ఎవరొస్తారు?"

అట్టముక్కలు తీశారు. మొదటి కదలికలోనే సుబ్బారాయుడు పోయాడు. రెండో కదలికలో ఎడ్లబండి, గుడిసెలు. గూడబాతులు రెక్కలు విప్పకుండానే ఎగిరిపోయాయి. చివరికి ఒక దోనె ముక్కు, దాని ముందు ఒక కిక్కిస గడ్డి దుబ్బు, మధ్యలో ఖాళీ నీళ్లు, అరచేతి పాటి ముక్క మిగిలింది. నా కళ్ల ముందే ఆ ముక్క కొల్లేరయింది. అంతకు ముందు అది ఏదో సంతలా ఉండేది. కత్తెర తీసుకుంటే, ఇంత సరుకూ పారేయడమా అనిపించింది. అయినా కత్తిరించాను.

"నేనెక్కడ బావా?" అన్నాడు సుబ్బారాయుడు, ఆ ముక్క చూసి.

"నువ్వు కొసరువిరా," అన్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకే కోరిక పట్టుకుంది. మాస్టారి అట్టలు అంచుల మీదే ఆగిపోయే బొమ్మ ఒక్కటి తియ్యాలి. లోపలికి వెంట్రుకవాసి జరపడానికి ఆయనకు చోటు దొరకకూడదు. మెచ్చుకోలు నాకు అక్కర్లేదు, ఆ గదిలో అది ఎలాగూ దొరకదు. ఆ రెండు అట్టముక్కలు ఓడిపోవాలి, అంతే. బేరంలో ఎదుటివాడు ఇక తగ్గించేది లేదని చేతులెత్తేసినప్పుడు కలిగే సుఖం వర్తకులకు తెలుస్తుంది. ఆ సుఖం కోసం ఏళ్లు తిరిగాను. మండవల్లి వైపు నుంచి వెళ్లాను, గుండుగొలను వైపు నుంచి వెళ్లాను, మోకాలి లోతు బురదలో నిలబడ్డాను. తెచ్చిన ప్రతి బొమ్మలోనూ ఆయనకు ఎక్కడో ఒకచోట కొసరు దొరికేది. సుబ్బారాయుడు ప్రతిసారీ స్టాండు మోశాడు, ఏదో ఒక మూల నిలబడ్డాడు, కత్తెర పాలయ్యాడు.

మాస్టారిలో లోపం లేదని రాస్తే ఆయన నన్ను క్షమించరు. ఇంతమంది బొమ్మలు కోసిన మనిషి తాను ఒక్క బొమ్మ తియ్యలేదు. "వంట చేయనివాడికి ఉప్పు చాలలేదని తెలియదాండీ?" అని తప్పించుకునేవారు. ఒకసారి మేమంతా పట్టుబట్టి, ఖాదరు సాహెబు కెమెరా ఇచ్చి, కొల్లేటికి తీసుకుపోయాం. పొద్దున్నే నల్ల గుడ్డ కప్పుకుని కెమెరా వెనుక మసక గాజు ముందు తల పెట్టారు. అక్కడ లోకం తలకిందులుగా కనబడుతుంది. ఎండ ఎక్కింది, దిగింది. పక్షులు వచ్చాయి, పోయాయి. సాయంత్రం గుడ్డ తీసి, చెమట తుడుచుకుని, ప్లేటు వాడకుండానే తిరిగి ఇచ్చేశారు.

"ఏమైందండీ మాస్టారూ?" అన్నారు ఖాదరు సాహెబు.

"ఇవాళ కొల్లేరు మాట్లాడలేదండీ."

కొట్టు తెరిచి, దీపం పెట్టి, ఒక్క బేరమూ చెయ్యకుండా తలుపులేసుకున్న వర్తకుణ్ణి మా వీధిలో ఏమంటారో ఇక్కడ రాయను. ఆ రోజు నాకు ఆయన మీద నిజంగా తిరస్కారం కలిగింది. ఇతరుల బొమ్మల్లో ఏది పోవాలో తెలిసిన మనిషికి తన బొమ్మలో ఏది ఉండాలో చెప్పే ధైర్యం లేకపోయింది. భయస్థుడు. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. అయితే తిరుగుదారిలో దోనెలో కూర్చుని ఆయన అన్న మాట కూడా రాయాలి. "తలకిందులుగా చూసినప్పుడు అది కొల్లేరని మరిచిపోతామండీ. వెలుగెక్కడో, బరువెక్కడో అప్పుడే తెలుస్తుంది. మీ బొమ్మలు తీగకు తగిలించే ముందు ఒకసారి తిప్పి చూసుకోండి." మరుసటి ఆదివారం నుంచి అందరం తిప్పి చూసుకున్నాం. అందరి బొమ్మలూ కాస్త మెరుగయ్యాయి. వట్టి చేతులతో వచ్చిన మనిషి మా అందరికీ ఏదో పట్టుకొచ్చారు, తనకు తప్ప.

ఒక్కసారి ఆయన అట్టలు తప్పాయి. ఖాదరు సాహెబు వానలో తీసిన బొమ్మలో ఒక గుంజను తీసేయించారు. వారం తిరిగి వచ్చీ రాగానే, ఎవరూ అడక్కుండానే, "ఆ ముక్క ఉందాండీ?" అన్నారు. సాహెబు చెత్తబుట్టలో వెతికి ఇస్తే, తానే జిగురు రాసి, ఆ గుంజను దాని చోట అతికించారు. "ఇది ఉంటేనే వాన ఏటవాలుగా పడుతోందని తెలుస్తుందండీ. నేను తప్పు చెప్పాను. దారి కూడా నేనే చెప్పాలి కదా." అతుకు వంకరగా వచ్చింది. సాహెబు ఆ బొమ్మను అలా అతుకుతోనే గోడకు పెట్టుకున్నారు.

పోయిన నెలలో ఆయన మంచం పట్టారని తెలిసింది. ఆయాసం. అప్పటికి నా దగ్గర ఒక బొమ్మ ఉంది. తెల్లవారుతుండగా తీసింది. గాలి లేదు. నీళ్లు నూనెలా ఉన్నాయి. కుడివైపు దూరంగా ఒక్క కిక్కిస దుబ్బు, ఎడమవైపు దోనెలో నిలబడి గడ వేస్తున్న సుబ్బారాయుడు, ఆ దోనె ముక్కు నుంచి దుబ్బు దాకా ఏటవాలుగా పాకిన ఒక అల. అప్పటికి నేను కత్తెరకు అలవాటు పడిపోయాను. ప్రింటు వేసేటప్పుడే అంచులు కప్పేసి సుబ్బారాయుణ్ణి దోనెతో సహా తీసేశాను. ఎలాగూ మాస్టారు తీసేస్తారు, ఆయనకు ఆ శ్రమ ఎందుకని. నీళ్లు, దుబ్బు, అల మిగిలాయి. ఇంతకంటె తగ్గించడం దేవుడి వల్ల కూడా కాదనుకున్నాను. ఆ ధీమాతో ఏలూరు వెళ్లాను.

మాస్టారి భార్య గుమ్మంలోనే ఆపారు. "మాట్లాడొద్దని డాక్టరుగారు చెప్పారండీ."

"మాట్లాడను. చూస్తాను, అంతే," అని లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది.

దిండ్లకు చేరబడి కూర్చున్నారు. అట్టలు బల్ల మీదే ఉన్నాయి. తీసుకోబోయి మానేశారు. "మీరే పెట్టండి," అన్నారు. నేను రెండు అట్టలనూ బొమ్మ నాలుగు అంచుల మీదా పెట్టి పట్టుకున్నాను. ఆయన చూశారు. లోపలికి జరపమనలేదు. ఇంకా చూశారు. అప్పటికీ అనలేదు. ఎదుటివాడు ఇక తగ్గించడు అని తెలిసిన క్షణం అది.

"కొంచెం బయటికి జరపండి," అన్నారు.

"బయట ఏమీ లేదండీ. కాగితం అయిపోయింది."

"ఉందండీ. ఈ అల ఎక్కణ్ణుంచి వస్తోంది?"

నేను అల వెంట కళ్లతో వెనక్కి వెళ్లి, కాగితం అంచు దగ్గర ఆగాను.

"గాలి లేదు. దుబ్బు కదలడం లేదు. మరి దీన్ని పుట్టించినవారెవరండీ?"

"మా బావమరిదండీ."

ఆయన నవ్వబోయారు, దగ్గు వచ్చింది. భార్య నీళ్లు పట్టారు. తాగి, తేరుకుని అన్నారు, "ఇన్నాళ్లూ ఊరికే వచ్చి నిలబడ్డారు. ఇవాళ ఒక్కనాడు ఆయనకు పని దొరికితే మీరు పనిలోంచి తీసేశారాండీ?"

"మీరు ఎలాగూ తీసెయ్యమంటారని..."

"నేనెప్పుడైనా మనిషిని తీసెయ్యమన్నానా శెట్టిగారూ? పని లేని మనిషిని తీసెయ్యమన్నాను. ఆదివారం ఆయన్ని తీసుకురండి, చూద్దాం."

కొసరు అడగడం మానిపించడానికి ఏళ్లు పట్టింది. అసలు సరుకు కూడా కోసి పారేసే లోభిగా నేను తయారయ్యానని ఆయన ఒక్క చూపులో కనిపెట్టారు. మందు మోతాదు మించితే అదీ రోగమే. రైలెక్కి ఇంటికి పోయి, గాజు పలక తెచ్చి, ఖాదరు సాహెబు చేత పూర్తి ప్రింటు వేయించాను. బుధవారానికి ఆరింది. ఆదివారం ఇంకా రాలేదు. గురువారం వచ్చింది.

సమాధుల తోటకు ఆ బొమ్మ సంచీలో పెట్టుకునే వెళ్లాను. ఎందుకో తెలియదు. సుబ్బారాయుడూ వచ్చాడు. మిషను పిల్లలు పాడారు, పాదిరిగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. ఆ రోజు మొత్తంలో మాస్టారుంటే అట్టలు జరపకుండా వదిలేసేది ఆ ప్రార్థన ఒక్కటే.

ఎందుకంటే సాయంత్రం పెద్దమనుషుల సంఘం వారు సంతాపసభ చేశారు. బతికుండగా ఆ గుమ్మం తొక్కని మనిషిని పోయాక సభ్యుడిగా చేర్చుకున్నారు. స్కూలు గ్రూపు ఫొటోలోంచి మాస్టారి ముఖాన్ని పెద్దది చేయించి వేదిక మీద పెట్టారు. అందులో పక్కన నిలబడ్డ మరో మాస్టారి చెవి, వెనుక తలుపు గొళ్లెం, ఎవరిదో గొడుగు పిడి కూడా పెద్దవయ్యాయి. దండ వేసేసరికి ముఖం మునిగిపోయి చెవి ఒక్కటే మిగిలింది. ఆ చెవికే అందరూ నమస్కారాలు పెట్టారు. ప్లీడరుగారు 'నా ఆప్తమిత్రులు, నా గురుతుల్యులు' అంటూ మొదలుపెట్టి, తన చిన్ననాటి నుంచి తన సంఘం స్థాపన దాకా సవిస్తరంగా ప్రసంగించారు. గురుతుల్యుల ప్రసక్తి మధ్యమధ్య గూడబాతులాగా వచ్చి వాలి పోయింది.

సభ అయ్యాక నా సంచీలోని బొమ్మ ప్లీడరుగారి కంట పడింది.

"అద్భుతమండీ శెట్టిగారూ, అద్భుతం," అన్నారు, వెలుగులోకి తిప్పి చూస్తూ. "దీన్ని మా సంఘం గోడకు పెడదాం, మాస్టారి జ్ఞాపకార్థం. ఒక్కటే లోటు. ఈ దోనెలో మనిషి లేకపోతే ఇంకా బాగుండేది."

"వింటున్నాను బావా," అన్నాడు సుబ్బారాయుడు నా వెనుక నుంచి.

"తప్పు చెప్పారు, సరేనండి," అన్నాను. "మనిషిని తీసేస్తే మరి ఈ అలకు ఏం దారి చెబుతారండీ?"

ప్లీడరుగారు బొమ్మ మీదకు వంగారు. కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏ అలండీ?" అన్నారు.

మాస్టారు పోయారన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. గార్డు చెప్పినప్పుడు కాదు, మట్టి వేసినప్పుడు కాదు. గది నిండా పెద్దమనుషులున్నారు. నీళ్ల మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా పాకిన అలను చూసినవాడు ఒక్కడు లేడు. నేను బొమ్మ తీసుకుని సంచీలో పెట్టుకున్నాను. పకోడీలు వచ్చాయి. తినకుండా వచ్చేశాను. ఈసారి అది నాకు బేరంలా కూడా అనిపించలేదు.

మొన్న ఆదివారం మేడమీదకు వెళ్లాం. ఖాదరు సాహెబు తీగ తుడిచి ఉంచారు. మాస్టారి భార్య అట్టముక్కలు రెండూ పంపించారు. బొమ్మ తగిలించి నేను చాప మీద నోరు మూసుకుని కూర్చున్నాను, నియమం ప్రకారం.

"నలుపు ఇంకొంచెం తగ్గించి వేస్తే దుబ్బు విడిగా కనబడుతుందండీ," అన్నారు ఖాదరు సాహెబు. తప్పూ చెప్పారు, దారీ చెప్పారు.

"నేను గడ ఇంకాస్త వంగి వెయ్యాల్సింది. చేపలు పట్టేవాళ్లు అలా నిటారుగా నిలబడరు, ఫొటోకి నిలబడ్డట్టుంది," అన్నాడు సుబ్బారాయుడు. ఆ గదిలో అతను మాట్లాడడం అదే మొదటిసారి. చెప్పింది నిజం.

తరువాతి వంతు మాస్టారిది. ఆయన మాట్లాడాక గాని నాకు నోరు రాకూడదు. ఆ లెక్కన నేను ఇక ఈ బొమ్మ గురించి ఎప్పటికీ మాట్లాడకూడదు.

చివరికి ఖాదరు సాహెబు అట్టలు నా చేతికిచ్చారు. బొమ్మను ఒకసారి తలకిందులుగా తిప్పి చూసి, మళ్లీ నిలబెట్టి, అంచుల మీద పెట్టాను. ఎడమవైపు అట్ట ఆగింది, సుబ్బారాయుడు ఉన్నాడు. పైన ఆగింది, కింద ఆగింది. కుడివైపు అట్ట మాత్రం నా చేతిలో కదిలింది. వేలెడు లోపలికి వచ్చింది. దుబ్బుకు అవతల, పూర్తి ప్రింటులోనే వచ్చిన అంచున, ఒక విరిగిన గుంజ ఉంది. ఇన్నాళ్లూ నాకు కనబడలేదు. కొసరు. కత్తిరించాను.

మా నాన్నగారు అనేవారు, పోయినవాడి ఖాతా ఏడుస్తూ తేల్చవద్దు, లెక్క తప్పుతుంది అని. అందుకని కళ్లు తుడుచుకునే తేలుస్తున్నాను. ఇచ్చింది నా ఆదివారాలు, కాసిన్ని పకోడీలు, సంఘం వారి అద్భుతాలు. పుచ్చుకున్నది తిట్లు. మెచ్చుకోలు ఒక్కటి కూడా లేదు. ఒక అలను చూసే కన్ను వచ్చింది. అదీ సగమే, లేకపోతే ఆ గుంజ మొదటి రోజే కనబడేది. అరచేతి కంటె కొంచెం పెద్దదైన ఒక బొమ్మ మిగిలింది. అందులో ఇంకా కొసరు ఉందేమో. ఉంటే ఎటువైపు ఉందో, అసలు సరుకే ఏమైనా కోసేశానో నాకు తెలియడం లేదు. బేరంలో నష్టం వచ్చిన మాట నిజం. అది ఎంతో మాత్రం రాయలేకపోతున్నానండీ. తూచేవారు వెళ్లిపోయారు.